నేయ్‌జెన్ తెవ్‌ఫిక్: తరచుగా అడిగే ప్రశ్నలు

తుర్కీ సాహిత్యం గురించి మాట్లాడుకునే తెలుగువాళ్ల దగ్గర ఈ పేరు ఎప్పుడు వచ్చినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కవి అంటారు, వేణువు ఊదేవాడంటారు, తత్వవేత్త అంటారు, తాగుబోతు అంటారు. ఆ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులు ఉంటే బాగుంటుందని ఈ పేజీ రాశాను.

నేయ్‌జెన్ తెవ్‌ఫిక్ ఎవరు?

1879లో ఏజియన్ తీరంలోని బోద్రుమ్‌లో పుట్టి, 1953 జనవరి 28న ఇస్తాంబుల్‌లో కన్నుమూసిన తుర్కీ కవి, సంగీత విద్వాంసుడు. అధికారాన్నీ మతం ముసుగునూ నిలదీసే తిట్టు కవిత్వం అనగానే తుర్కీలో మొదట గుర్తొచ్చే పేర్లలో ఈయనది ఒకటి. సుల్తాన్ పాలనలో పుట్టాడు. రాజ్యాంగ విప్లవం, ప్రపంచయుద్ధం, ఇస్తాంబుల్ మీద పరాయి సేనల ఆక్రమణ, రిపబ్లిక్, ఏకపార్టీ పాలన, చివరికి 1950లో ఓట్లతో జరిగిన ప్రభుత్వ మార్పు కూడా చూసి పోయాడు. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆయన నాలుక మాత్రం ఎవరికీ లొంగలేదు.

ఆయన అసలు పేరు ఇదేనా?

తెవ్‌ఫిక్ అన్నది పేరు. నేయ్ అనే రెల్లుజాతి వేణువును వాయించేవాణ్ని నేయ్‌జెన్ అంటారు. మన దగ్గర పేరు ముందు వీణ, వయొలిన్ చేరినట్టే ఆయనకూ వాద్యం పేరు ముందు చేరి, చివరికి దాన్ని విడదీసి పలికేవాళ్లే లేకుండా పోయారు. 1934లో అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం వచ్చినప్పుడు కొలాయ్‌లీ అని తీసుకున్నాడు. నల్లసముద్రం వైపున్న బఫ్రా ప్రాంతంలోని కొలాయ్ వాళ్ల తండ్రిగారి ఊరు.

రిజా తెవ్‌ఫిక్, తెవ్‌ఫిక్ ఫిక్రెత్ అనే పేర్లు కూడా చూశాం. ముగ్గురూ ఒకరేనా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, ముఖ్యంగా "తుర్కీ తత్వవేత్త, కవి తెవ్‌ఫిక్" అని వెతికినప్పుడు.

తెవ్‌ఫిక్ ఫిక్రెత్ 1867 నుంచి 1915 వరకు జీవించిన కవి. తుర్కీ కవిత్వాన్ని ఆధునికం చేసినవారిలో ముఖ్యుడు. రిజా తెవ్‌ఫిక్ 1869లో పుట్టి 1949లో పోయిన వైద్యుడు, తత్వశాస్త్ర అధ్యాపకుడు, కవి. ఫిలాసఫర్ రిజా అనే బిరుదు ఆయనది. 1920లో ఒట్టోమన్ ప్రభుత్వం తరఫున, ఓడిన సామ్రాజ్యాన్ని ముక్కలు చేసే సెవ్ర్ ఒప్పందం మీద సంతకం పెట్టినవారిలో ఆయన ఒకడు. అందువల్ల దేశం వదలాల్సి వచ్చి, 1943 దాకా తిరిగి రాలేకపోయాడు. రిజా తెవ్‌ఫిక్‌కూ మన నేయ్‌జెన్‌కూ బక్తాషీ అనే సూఫీ సంప్రదాయంతో అనుబంధం ఉండటంతో గందరగోళం ఇంకాస్త పెరిగింది. ఒక మాటలో చెప్పాలంటే రిజా తెవ్‌ఫిక్ తత్వం బోధించినవాడు, నేయ్‌జెన్ తెవ్‌ఫిక్ దాన్ని ఒంటిమీద వేసుకుని వీధుల్లో తిరిగినవాడు.

నేయ్ ఎలా పట్టుబడింది?

తండ్రి హసన్ ఫెహ్మీ బడిపంతులు. బోద్రుమ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడే పిల్లవాడు నేయ్ నాదం విని దాని వెంట పడ్డాడని చెబుతారు. తర్వాత తండ్రికి ఇజ్మీర్ దగ్గరున్న ఊర్లాకు బదిలీ అయింది. అక్కడ కాజిమ్ అనే మంగలి దగ్గర పిల్లవాడు నేయ్ నేర్చుకున్నాడు. పెద్ద ఆస్థాన విద్వాంసుల దగ్గర కాదు, ఒక చిన్న ఊరి క్షౌరశాలలో మొదలైన విద్య అది. ఆయన జీవితం మొత్తం ఎటు మొగ్గిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క వివరం చాలనిపిస్తుంది నాకు.

నేయ్ అంటే మన పిల్లనగ్రోవి లాంటిదేనా?

చూడ్డానికి దగ్గరే గాని ఊదే పద్ధతి వేరు. నేయ్‌ను నదీతీరాల్లో పెరిగే రెల్లుజాతి గొట్టంతో చేస్తారు. తొమ్మిది కణుపులుండాలి. ముందువైపు ఆరు, వెనుక ఒకటి, మొత్తం ఏడు రంధ్రాలు. పై కొసన గేదెకొమ్ముతో చేసిన చిన్న మూతిభాగం ఉంటుంది. పిల్లనగ్రోవిలా అడ్డంగా కాకుండా పెదవుల కొసన ఏటవాలుగా ఆనించి ఊదుతారు. మొదటి స్వరం పలకడానికే కొందరికి వారాలు పడుతుంది. అందుకే నేయ్ నాదంలో ఎప్పుడూ కొంత ఊపిరి చప్పుడు కలిసి ఉంటుంది.

మౌలానా రూమీ మస్నవీ మొదలయ్యేదే నేయ్ మొర వినమనే మాటతో. రెల్లుపొద నుంచి తనను కోసి తెచ్చారని, అప్పటినుంచీ ఆ ఎడబాటుతోనే ఏడుస్తున్నానని అక్కడ నేయ్ చెప్పుకుంటుంది. రూమీ పరంపర అయిన మెవ్లెవీలకు అది వాద్యం మాత్రమే కాదు, దేవుడికి దూరమైన మనిషి గొంతు. తెవ్‌ఫిక్ కవిత్వంలో ఎంత కోపం ఉన్నా అడుగున ఒక విరహం వినిపిస్తుంది. అది ఈ వాద్యం నుంచి వచ్చిందే.

చిన్నప్పుడే జబ్బు చేసిందంటారు, నిజమేనా?

నిజమే. పదమూడేళ్ల ప్రాయంలో మూర్ఛరోగం మొదలైంది. ఇజ్మీర్‌లో చదువు ఆగిపోవడానికి అదే కారణం. బడి మానేసిన కుర్రాడు ఇజ్మీర్ మెవ్లెవీ మఠానికి వెళ్లడం మొదలుపెట్టాడు. నేయ్ విద్యను అక్కడ మెరుగు పెట్టుకున్నాడు. ఆయన జీవితంలోని తాగుడు, ఆసుపత్రులు, అలజడి గురించి మాట్లాడేవాళ్లు ఈ జబ్బును చాలాసార్లు మరిచిపోతారు. ఎప్పుడు కింద పడిపోతానో తెలియని భయంతో పెరిగిన పిల్లవాడి కథ అది.

తిట్టు కవిత్వం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

ఇజ్మీర్‌లోనే షాయిర్ ఎష్రెఫ్ పరిచయమయ్యాడు. 1847లో పుట్టి 1912లో పోయిన ఎష్రెఫ్ జిల్లా స్థాయి పాలనాధికారిగా పనిచేస్తూనే సుల్తాన్‌నూ మంత్రులనూ నాలుగు పాదాల్లో ఉతికి ఆరేసిన ధీరుడు. జైలుకూ వెళ్లాడు. తుర్కీలో ఈ కవిత్వానికి పాత పరంపరే ఉంది. పదిహేడో శతాబ్దిలో నెఫీ అనే మహాకవి పెద్దలను తిట్టి 1635లో సుల్తాన్ నాలుగో మురాద్ కాలంలో ప్రాణాలే పోగొట్టుకున్నాడు. నెఫీ, ఎష్రెఫ్, నేయ్‌జెన్ అని వరసగా చెప్పుకోవడం అక్కడి సాహిత్య చరిత్రలో మామూలు.

తెవ్‌ఫిక్ మొదటి కవిత 1898లో ఇజ్మీర్‌లో వెలువడే ముక్తెబెస్ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు.

మెహ్మెత్ ఆకిఫ్‌తో స్నేహం ఎలా కుదిరింది? ఇద్దరికీ పొంతనే లేదు కదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే.

1898లో తెవ్‌ఫిక్ ఇస్తాంబుల్ వచ్చి మదరసాలో చేరాడు. చదువుకన్నా మెవ్లెవీ మఠాల్లోనే ఎక్కువ కాలం గడిపాడు. ఆ రోజుల్లోనే తనకన్నా ఆరేళ్లు పెద్దవాడైన మెహ్మెత్ ఆకిఫ్ పరిచయమయ్యాడు. ఆకిఫ్ అంటే తర్వాత తుర్కీ జాతీయ గీతం రాసినవాడు. ఆ గీతాన్ని 1921 మార్చి 12న అంకారా శాసనసభ ఆమోదించింది. నిష్ఠగా నమాజు చేసే మనిషి, మద్యం ముట్టనివాడు, వృత్తిరీత్యా పశువైద్యుడు.

అలాంటి ఆకిఫ్ ఈ కట్టుబాటులేని కుర్రాడికి అరబ్బీ, పారశీకం, ఫ్రెంచి నేర్పాడు. తెవ్‌ఫిక్ బదులుగా ఆకిఫ్‌కు నేయ్ నేర్పాడు. ఒకరు గురువు, మరొకరు శిష్యుడు అని విడదీయలేని సంబంధం అది. భాషల దగ్గర ఒకరు పీట మీద కూర్చుంటే, వేణువు దగ్గర రెండోవారు కూర్చున్నారు. ఒకరి విశ్వాసం మరొకరికి మింగుడుపడేది కాదు. అయినా ఇద్దరూ నటనను సహించలేనివాళ్లు. ఆకిఫ్ మతంలోంచి వేషధారులను తిట్టాడు, తెవ్‌ఫిక్ మతం బయటికి వచ్చి తిట్టాడు. ఇద్దరి కవిత్వం పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ స్నేహం ఎక్కడ కుదిరిందో సులువుగానే అర్థమవుతుంది. ఇవాళ తుర్కీలో ఆకిఫ్‌ను ఒక వర్గమూ, నేయ్‌జెన్‌ను ఇంకో వర్గమూ తమవాడంటే తమవాడని పంచుకున్నాయి. వాళ్లిద్దరూ ఒక గదిలో కూర్చుని పాఠాలు చెప్పుకున్న సంగతి రెండు వర్గాలూ గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

ఈజిప్టుకు ఎందుకు వెళ్లాడు?

సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ 1878లో రాజ్యాంగాన్ని పక్కన పెట్టి ముప్ఫై ఏళ్లు వేగుల సాయంతో పాలించాడు. ఎవరు ఏం మాట్లాడినా పైకి చేరవేసే మనుషులు కాఫీ దుకాణాల్లో, బళ్లలో, మఠాల్లో కూడా ఉండేవారు. నాలుగు పాదాల కవిత ఒక మనిషిని దేశం దాటించగలిగిన కాలం. తెవ్‌ఫిక్‌ను పోలీసులు పట్టుకోవడం, వదలడం చాలాసార్లు జరిగింది. 1903లో ఈజిప్టు వెళ్లిపోయాడు.

ఈజిప్టు పేరుకు ఒట్టోమన్ సామ్రాజ్యంలోదే అయినా 1882 నుంచి ఆంగ్లేయుల పట్టులో ఉంది. సుల్తాన్ పోలీసుల చెయ్యి అక్కడిదాకా చాచలేదు. అందుకే పత్రికలవాళ్లు, విప్లవకారులు, కవులు కైరో చేరారు. గురువు ఎష్రెఫ్ కూడా అక్కడికే వచ్చి తన తిట్టు కవితలను కైరోలోనే అచ్చువేశాడు. తెవ్‌ఫిక్ అక్కడ నేయ్ వాయిస్తూ, బక్తాషీ దర్వేషుల మధ్య తిరుగుతూ అయిదేళ్లు గడిపాడు. 1908లో రాజ్యాంగం తిరిగి వచ్చాక ఇస్తాంబుల్ చేరాడు.

ఇంతకీ ఆయన మెవ్లెవీయా, బక్తాషీయా?

రెండు గడపలూ తొక్కాడు. సంగీతం మెవ్లెవీల దగ్గర, దీక్ష బక్తాషీల దగ్గర. 1902లో ఇస్తాంబుల్‌లోని సుత్లూజె బక్తాషీ మఠంలో దీక్ష తీసుకున్నాడు.

తేడా కొంచెం చెప్పాలి. మెవ్లెవీ మఠాల్లో నియమం, మర్యాద, శాస్త్రీయ సంగీతం ఎక్కువ. సుల్తానుల ఆదరణ కూడా వాళ్లకుండేది. బక్తాషీలది పల్లె జనం మధ్య పెరిగిన సంప్రదాయం. ఆడా మగా కలిసి కూర్చుంటారు, వాళ్ల ఆచారంలో మద్యానికి చోటుంది, మసీదు పెద్దలను ఆటపట్టించే బక్తాషీ కథలు తుర్కీలో ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు. 1826లో సుల్తానుల పాత కాల్బలమైన జానిసరీ సేనను రద్దు చేసినప్పుడు, వాళ్లతో అనుబంధం ఉన్న బక్తాషీ మఠాలనూ మూయించారు. అయినా ఆ పరంపర చావలేదు. దెబ్బ తిని కూడా నవ్వడం మానని ఆ సంప్రదాయమే తెవ్‌ఫిక్‌కు నచ్చింది. 1925లో రిపబ్లిక్ అన్ని దర్వేషు మఠాలనూ మూసేసింది. ఆయన ఎదిగిన రెండు ఇళ్లూ అలా ఒకేసారి తాళం పడ్డాయి.

తత్వవేత్త అనడం సబబేనా? ఏ గ్రంథమూ రాయలేదు కదా?

తర్కంతో కట్టిన సిద్ధాంతం కావాలంటే ఆయన దగ్గర దొరకదు. కానీ జీవితం గురించి ఒక నిలకడైన చూపు ఉంది. దాని పేరే ఆయన మొదటి పుస్తకం పేరు: హిచ్. ఏమీ కాదు, ఏమీ లేదు అని అర్థం. 1919లో వచ్చింది.

పైపైన చూసేవాళ్లు దీన్ని నిరాశ అనుకుంటారు. కాదని నా గట్టి నమ్మకం. సూఫీ సాధనలో నేను అనే భావం పూర్తిగా కరిగిపోవడం చివరి మెట్టు. తాను ఏమీ కానని నిజంగా అనుకున్న మనిషికి పదవితో, బిరుదుతో, పరువుతో పని ఉండదు. పోగొట్టుకునేది లేనివాణ్ని ఏ సుల్తానూ బెదిరించలేడు. అంటే ఆయన శూన్యం ఆధ్యాత్మిక భావం మాత్రమే కాదు, రాజకీయ ధైర్యానికి పునాది కూడా. పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లను తిట్టి, వాళ్ల దగ్గరే జీతం తీసుకున్న కవులు చరిత్రలో కోకొల్లలు. తెవ్‌ఫిక్ తిట్లకు విలువ వచ్చింది ఆయన ఏమీ కూడబెట్టుకోలేదు కాబట్టే.

ఆయన నాలుగు పాదాల కవిత ఒకటి బాగా ప్రసిద్ధం. నా తత్వమే నా మతగ్రంథమని, నా ఆత్మ గొంతునే నేను పూజిస్తానని, నా గుండెలోని పవిత్రాగ్ని ముందు సత్యమే సాష్టాంగపడుతుందని దాని భావం. ఆయన రెండో పుస్తకం అజాబ్-ఇ ముకద్దెస్, అంటే పవిత్ర యాతన, 1924లో వచ్చింది. ఆ పేరు, ఈ కవిత కలిపి చూడండి. ఒళ్లు కాల్చే మంటనే ఆరాధ్యంగా చేసుకున్నాడు.

ఇక్కడ మరో సంప్రదాయం సంగతి కూడా చెప్పాలి. సూఫీలలో మెలామీలు అనే దారి ఉంది. భక్తిని దాచుకుని, నిందను కోరి నెత్తికెత్తుకుని, అహంకారాన్ని చంపుకోవడం వాళ్ల పద్ధతి. జనం ఛీ అన్నా పట్టించుకోని తెవ్‌ఫిక్ బతుకులో ఆ ఛాయలు చూసే పాఠకులు తుర్కీలో చాలామంది ఉన్నారు.

అయితే నాస్తికుడా?

నాస్తికుడని ముద్ర వేసినవాళ్లున్నారు, లోలోపల పరమ భక్తుడని వాదించేవాళ్లూ ఉన్నారు. కవితల్లో రెండు వైపులా సాక్ష్యం దొరుకుతుంది. దేవుడితో ఆయన దెబ్బలాడతాడు, నిలదీస్తాడు, మళ్లీ ఆయన్నే పిలుస్తాడు. నేనైతే కవిత్వంలోని ఈ ఘర్షణను ఒక పక్కకు తేల్చాల్సిన పని లేదంటాను. మతం పేరుతో పెత్తనం చేసేవాళ్ల మీద మాత్రం ఆయన మాటలో ఎప్పుడూ మెత్తదనం లేదు. అది స్పష్టం.

పారశీక, తుర్కీ కవిత్వంలో రింద్, జాహిద్ అని ఇద్దరు పాత్రధారులు ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటారు. రింద్ పానశాలలో కూర్చున్న స్వేచ్ఛాజీవి, జాహిద్ భక్తి ప్రదర్శించే పెద్దమనిషి. దువ్వూరి రామిరెడ్డిగారి పానశాల ద్వారా ఉమర్ ఖయ్యాంను చదువుకున్న తెలుగువాళ్లకు ఈ వాతావరణం కొత్త కాదు. పాత కవులు రింద్‌ను పాత్రగా రాసుకున్నారు. తెవ్‌ఫిక్ ఆ పాత్రే తానయ్యాడు.

ఎవరెవరిని తిట్టాడు?

అబ్దుల్ హమీద్‌ను, ఆయన వేగులను. సుల్తాన్ పోయాక పగ్గాలు పట్టిన యూనియన్ అండ్ ప్రోగ్రెస్ పార్టీవాళ్లను. యుద్ధంలో జనం ఆకలితో ఉంటే లాభాలు చేసుకున్నవాళ్లను. రిపబ్లిక్‌లో రాత్రికి రాత్రి దేశభక్తులైపోయిన అవకాశవాదులను. మత పెద్దలను. కొన్నిసార్లు తనను కూడా.

ఆయన పేరుతో జనం నోళ్లలో ఉన్న ఒక కవిత భావం ఇది: నీ గురించి ఎవరిని అడిగినా సరైన జవాబు రాలేదు, ఒకరు దొంగ అన్నారు, ఒకరు నీచుడు అన్నారు, నీ వివరాల కోసం పార్టీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, మా రికార్డు ప్రకారం ఆయన ఇప్పుడు శాసనసభ్యుడని చెప్పారు. మరో దాంట్లో పాట అదే, వాద్యానికి తీగలే మారాయి, పిడికిలి అదే, చెయ్యి మాత్రమే మారింది అంటాడు. పాలకులు మారినా పాలన మారలేదని చెప్పడానికి తుర్కీలో ఇప్పటికీ ఆ రెండు పాదాలే వాడతారు.

బూతులు ఎక్కువంటారు. చదవదగినవేనా?

బూతు ఉంది, మొహమాటం లేకుండా ఉంది. కొన్ని కవితలు చాలాకాలం అచ్చుకు నోచుకోక చేతిరాత పుస్తకాల్లోనూ, నోటిమాటగానూ తిరిగాయి. కానీ ఆ బూతు వెనుక ఛందస్సు చెక్కుచెదరదు. అరూజ్ అనే పాత ఛందస్సులో, అరబ్బీ పారశీక సమాసాల పక్కన వీధి తిట్టు పెట్టి, రెండూ ఒకే లయలో నడిపిస్తాడు. పండితుడి భాషలో మొదలైన పాదం రేవు భాషలో ముగుస్తుంది. ఆ దూకుడులోనే ఆయన విద్య కనిపిస్తుంది. బూతు కోసమే వెతికే పాఠకులకు ఆ సగం అందదు, బూతు చూసి మొహం తిప్పుకునేవాళ్లకూ అందదు.

తాగుడు, పిచ్చాసుపత్రి గురించి విన్నాం. నిజమెంత?

రాకీ అనే తుర్కీ సారా, నల్లమందు రెండూ ఆయన్ను వదల్లేదు. పదేపదే ఆసుపత్రి పాలయ్యాడు. మొదట ఉస్కుదార్‌లోని తోప్తాషీ ఆసుపత్రి, తర్వాత బకిర్‌కోయ్ మానసిక వైద్యశాల. బకిర్‌కోయ్‌లో 21వ వార్డు ఆయనదిగా పేరుపడింది. కావాలనుకున్నప్పుడు వచ్చేవాడు, కుదుటపడ్డాక వెళ్లేవాడు.

అక్కడి పెద్ద వైద్యుడు మజ్హర్ ఉస్మాన్. తుర్కీలో ఆధునిక మానసిక వైద్యానికి పునాది వేసినవాడు, తోప్తాషీ నుంచి రోగులను 1920లలో బకిర్‌కోయ్‌కి తరలించి ఆ ఆసుపత్రిని నిలబెట్టినవాడు. 1920లో మద్యపాన వ్యతిరేక సంఘం స్థాపించింది కూడా ఆయనే. దేశంలో తాగుడు మీద అందరికన్నా గట్టిగా పోరాడిన వైద్యుడు, దేశంలో అందరికన్నా పేరుమోసిన తాగుబోతుకు తన ఆసుపత్రిలో చోటిచ్చి ఆప్తుడిగా చూసుకున్నాడు. నాకు ఇందులో కనిపించేది వైద్యుడి గొప్పతనం. రోగిని మార్చలేకపోయినా గౌరవం తగ్గించలేదు.

తాగుడు వల్లే గొప్ప కవి అయ్యాడని కొందరు మురిపెంగా చెబుతుంటారు. ఆ మాట నాకు అసలు నచ్చదు. అది ఆయన ఆరోగ్యాన్నీ సంసారాన్నీ తినేసిన జబ్బు. చిన్ననాటి మూర్ఛ, ప్రవాసం, వేగుల భయం, పేదరికం అన్నీ కలిసి నలిపిన మనిషి మందులో తలదాచుకున్నాడు. ఆ స్థితిలోనూ వేణువు చెడగొట్టలేదు, పద్యం చెడగొట్టలేదు. పొగడాల్సింది అది.

కుటుంబం ఉందా?

1910లో జెమీలె అనే ఆమెను పెళ్లాడాడు. లెమాన్ అనే కూతురు పుట్టింది. సంసారం నిలవలేదు. తమ్ముడు షెఫిక్ కొలాయ్‌లీ పశువైద్య శాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. ఒకే ఇంట్లో ఒకరు ప్రయోగశాలకు, మరొకరు పానశాలకు అంకితమయ్యారు. మెర్నుష్ అనే కుక్కను తెవ్‌ఫిక్ ప్రాణంగా పెంచుకున్నాడు. ముస్లిం గాథల్లో గుహలో నిద్రపోయిన ఏడుగురు పుణ్యపురుషుల్లో ఒకరి పేరు అది.

రిపబ్లిక్‌తో, అతాతుర్క్‌తో ఆయన సంబంధం ఎలాంటిది?

రిపబ్లిక్‌ను స్థాపించిన అతాతుర్క్ మీద ఆయనకు అభిమానం ఉండేది. సుల్తానుల పాలన, మఠాధిపతుల పెత్తనం పోవడం ఆయన కోరుకున్నదే. అలాగని కొత్త పాలనలో చేరిన ప్రతివాడినీ నెత్తిన పెట్టుకోలేదు. నాయకుడి మీద గౌరవం వేరు, ఆ నాయకుడి నీడలో బతికేవాళ్ల మీద అసహ్యం వేరు అన్నట్టుంది ఆయన ధోరణి.

సంగీతంలో ఆయన స్థానం ఏమిటి?

కవిగా వచ్చిన పేరు వల్ల ఇది మరుగునపడింది. నిహావెంద్, షెహ్నాజ్ బూసెలిక్ రాగాల్లో ఆయన కట్టిన సాజ్ సెమాయీలు, అంటే వాద్య రచనలు, ఉన్నాయి. గ్రామఫోన్ రికార్డులు ఇచ్చాడు. వాటిలో వినాల్సింది తక్సీమ్. తాళం లేకుండా ఒక రాగాన్ని అప్పటికప్పుడు విప్పుకుంటూ పోవడం. మన ఆలాపన తెలిసిన చెవికి వెంటనే పడుతుంది. పాత రికార్డు కరకరల మధ్య ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనిక వాద్య బృందమైన మెహ్తర్‌లోనూ పనిచేశాడు.

ఆయన పేరుతో తిరిగే కథలన్నీ నిజమేనా?

కావు. ఎవరు చెప్పారో తెలియని చాటువులన్నీ మన దగ్గర ఒకరిద్దరు కవుల ఖాతాలో పడతాయి కదా, అక్కడ ఆయనది ఆ పరిస్థితి. పాత బక్తాషీ కథలు, నస్రెద్దీన్ హోజా కథలు, ఎష్రెఫ్ కవితలు కూడా ఆయన పేరున చెలామణి అవుతున్నాయి. ఇంటర్నెట్ వచ్చాక ప్రతి బూతు పద్యానికీ ఆయనే కర్త. ఛందస్సు తప్పిన పద్యం కనిపిస్తే అనుమానించండి. ఆయన పద్యంలో ఆ తప్పు అరుదు.

పుస్తకాలు ఎన్ని? ఏ లిపిలో ఉన్నాయి?

బతికుండగా వచ్చినవి రెండే: హిచ్, అజాబ్-ఇ ముకద్దెస్. 1919, 1924 ముద్రణలు అరబ్బీ లిపిలో ఉన్నాయి. 1928 నవంబరులో తుర్కీ లాటిన్ లిపికి మారింది. కొత్తతరం ఆ పుస్తకాలను అక్షరమక్షరం చదవలేకపోయింది. 1949లో అజాబ్-ఇ ముకద్దెస్ కొత్త లిపిలో పెంచిన ముద్రణగా వచ్చాకే ఆయన మళ్లీ విస్తృతంగా పాఠకులకు చేరాడు. మధ్యలో గడిచిన ఇరవై ఏళ్లూ కవిత్వం ఎక్కువగా నోటి మీదే బతికింది.

సమాధి ఎక్కడుంది? చూడదగిన చోట్లు?

బెషిక్తాష్‌లోని సినాన్ పాషా మసీదులో అంత్యక్రియల ప్రార్థన జరిగింది. ఇస్తాంబుల్ ఆసియా వైపున ఉన్న కార్తాల్ శ్మశానంలో ఖననం చేశారు. బోద్రుమ్ రేవు వెంట సాగే ముఖ్యమైన వీధికి ఆయన పేరే పెట్టారు. ఆ ఊరికి సెలవులకు వెళ్లేవాళ్లు రోజూ ఆ పేరు మీదుగానే నడుస్తారు.

తెలుగులోకి అనువదించవచ్చా? హక్కుల ఇబ్బంది ఉందా?

తుర్కీ చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 70 ఏళ్ల వరకు హక్కులుంటాయి. ఆయనకు అది 2023తో ముగిసింది. మన దేశంలో ఆ గడువు 60 ఏళ్లే. కాబట్టి కవితలను అనువదించుకోవచ్చు. ఇటీవలి సంపాదకులు రాసిన పీఠికలు, వ్యాఖ్యానాలు మాత్రం వాళ్ల సొత్తు, వాటిని ముట్టుకోకూడదు.

ఆంగ్లం మీద ఆధారపడి చేస్తే చాలా జారిపోతుంది. తుర్కీ తెలిసినవాళ్ల సాయం తీసుకుని, అరబ్బీ పారశీక పదాల కోసం ఉర్దూ బాగా వచ్చిన హైదరాబాద్ మిత్రులను పక్కన కూర్చోబెట్టుకుంటే సగం పని తేలికవుతుంది. ఆయన పదజాలంలో ఫెల్సెఫె, కితాబ్, ఈమాన్, సజ్దా, ఆతిష్ లాంటి మాటలు ఉర్దూ చెవికి ఇంటి మాటలే. మొదట నాలుగు పాదాల కవితలతో మొదలుపెట్టండి. ఛందస్సు వదిలేసి వచనంలో దించితే తిట్టు మిగిలి కవిత పోతుంది, అందుకని ఆటవెలదో తేటగీతో ఏదో ఒకటి పట్టుకోవడం మేలు. చేసినవి నలుగురికీ వినిపించే ముందు ఆయన తక్సీమ్ ఒకటి వినిపించండి.